కుండపెంకుల చదువు

"మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అని ఎవరన్నా అడిగితే మా పక్కింటి వదినగారు "ఎం.ఏ." అని ఊరుకునేది. "ఎందులో?" అని రెండో ప్రశ్న వచ్చిందా, పొయ్యి మీద పాలు పెట్టొచ్చానంటూ లోపలికి వెళ్లిపోయేది. ఆ అమ్మాయి ఉస్మానియాలో చదువుతున్నది ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం. అంత పొడుగు పేరు చెప్పడం పూర్తయ్యేలోపలే వినేవాళ్ల మొహంలో రంగులు మారిపోతాయి. "అంటే... తవ్వకాలా? ఆడపిల్లకి ఆ మట్టి పనేమిటండీ?" అని ఒకరు, "కంప్యూటర్ కోర్సులో సీటు రాలేదా?" అని జాలిగా ఇంకొకరు. వదినగారికి పాలు గుర్తుకు రాక ఏం చేస్తాయి పాపం!

మేముండేది శంషాబాద్‌లో. 2008 మార్చి 23న ఇక్కడ విమానాశ్రయం మొదలైన దగ్గర్నుంచీ మా ఊరు ఊరు కాకుండా పోయింది. సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం, దాని పక్క నుంచే ఔటర్ రింగ్ రోడ్డు, చుట్టూ హోటళ్లు, గోడౌన్లు, వెంచర్లు. ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. పిల్లల చదువులూ ఆ గాలికే తిరిగాయి. మా వీధిలో ఒకమ్మాయి ఏవియేషన్ డిగ్రీ, ఇంకో అమ్మాయి ఎయిర్ హోస్టెస్ శిక్షణ, ఎదురింటి అబ్బాయి కార్గోలో ఉద్యోగం. అందరూ ఆకాశం కేసి చూస్తుంటే ఈ పిల్ల ఒక్కతీ నేల కేసి చూస్తానంది. బి.కాం. అయ్యాక!

ఇదంతా ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. అప్పుడు పక్కనే ఉన్నాను. శ్రీరామనవమికి అందరం కలిసి అమ్మపల్లి వెళ్లాం. శంషాబాద్ నుంచి నాలుగడుగులే. ఆ సీతారామచంద్రస్వామి గుడిని సినిమాల్లో చూడనివాళ్లుండరు. ఎత్తయిన గాలిగోపురం, గుడి బయట పెద్ద కోనేరు, కోనేటి చుట్టూ కమానుల వరస. పదమూడో శతాబ్దం నాటి గుడి అని చెబుతారు. మేమంతా పానకం, వడపప్పు హడావుడిలో ఉంటే ఈ పిల్ల కోనేటి మెట్ల మీద కూర్చుని, "ఆంటీ, ఈ కమానులు చూస్తే చార్మినార్ దగ్గర చూసినట్టు లేవూ? లోపల గుడి స్తంభాలేమో వేరే తీరు. అన్నీ ఒకేసారి కట్టినవేనా?" అంది. నేను బి.ఏ. హిస్టరీ. మూడేళ్లు చదివి యుద్ధాల తేదీలు వల్లెవేసినదాన్ని. నాకు తోచని ప్రశ్న లెక్కల పద్దులు రాసే పిల్లకి తోచింది. జవాబు చెప్పలేక, "వడపప్పు తిను" అన్నాను.

తర్వాత ఆర్నెల్లు ఇంట్లో రణమే. వాళ్ల నాన్నగారు స్థలాల వ్యాపారం చేస్తారు. "ఫీజు గురించి కాదు, రేపు ఏం ఉద్యోగం వస్తుంది, అది చెప్పు" అన్నది ఆయన వాదన. తప్పు పట్టడానికి లేదు, ఆడపిల్ల తండ్రి. నానమ్మ ఒక్కతే ఆశగా, "తవ్వుతే లంకెబిందెలు దొరుకుతయా బిడ్డా?" అని అడిగింది.

దొరుకుతాయి నానమ్మా, దొరుకుతాయి. 2021లో జనగామ దగ్గర పెంబర్తిలో వెంచర్ కోసం నేల చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె బయటపడింది. కానీ పురావస్తు శాఖవాళ్లు పద్ధతి ప్రకారం తవ్వినప్పుడు సంబరపడేది వేరే వాటికి. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో మట్టి కుండలో 3,730 నాణేలు దొరికాయి. అన్నీ సీసానివే! ఇక్ష్వాకుల కాలానివి. సీసమని తెలిశాక నానమ్మ చప్పరించేసిందిగానీ, కొండ మీది భిక్షువుల ఆరామంలో అంత డబ్బెందుకుంది, ఎవరిచ్చారు, ఏ వర్తకులు ఆ దారిన పోయేవాళ్లు అని పండితులు ఏళ్ల తరబడి ఆలోచించుకోవడానికి ఆ సీసమే చాలు.

అన్నట్టు, ఈ వెంచర్ల కాలంలో మనందరికీ పనికొచ్చే మాట ఒకటి. భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువకి మించితే కలెక్టరుకి తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. పది రూపాయలే! ఆ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దొరికింది కదా అని కంసాలి దగ్గరికి పరుగెత్తితే నేరం అవుతుంది.

పెట్టెలో బట్టలు

సీటు వచ్చింది. శంషాబాద్ నుంచి తార్నాక వైపు రెండు బస్సులు మారాలి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కావడంతో ఆ ఖర్చు మాట ఎత్తే అవకాశం నాన్నగారికి లేకపోయింది. సాయంత్రం పిల్ల రాగానే నేను వాళ్లింట్లో వాలిపోయేదాన్ని. కథలు రాసుకునేదాన్ని కనక ఎక్కడ కథ దొరుకుతుందా అని చూస్తుంటాను. ఆ చదువులో దొరికినన్ని కథలు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

తవ్వకమంటే గునపంతో గొయ్యి తియ్యడం అనుకున్నాను. కాదట. నేల మీద తాళ్లు కట్టి చదరాలు గీస్తారు. చిన్న తాపీలతో, బ్రష్షులతో పొరలు పొరలుగా మట్టి తీస్తారు. ఏ పొరలో, ఎంత లోతులో, ఏ చదరంలో ఏది దొరికిందో ప్రతిదీ రాసుకుంటారు. చీటీ లేని వస్తువు ఎంత అందంగా ఉన్నా దాని విలువ సగానికి సగం పోయినట్టేనట. నాకు అర్థం కావడానికి ఆ పిల్ల మా ట్రంకుపెట్టెనే చూపించింది. "మీ పెట్టెలో అడుగున మీ పెళ్లిచీర, దాని మీద పిల్లల పసిబట్టలు, పైన మొన్న కొన్న దుప్పటి. ఎవరూ కెలక్కపోతే అడుగున ఉన్నది పాతది, పైనున్నది కొత్తది. చూడకుండానే మీ ఇంటి చరిత్ర చెప్పొచ్చు. మధ్యలో మీరు చెయ్యి దూర్చి పెళ్లిచీర లాగారనుకోండి, పసిబట్టలు అడుగుకి పడిపోతాయి. ఎలుక బొరియ చేసినా, తర్వాతి కాలంవాళ్లు గొయ్యి తవ్వినా నేలలో జరిగేది అదే. ఆ తేడా కనిపెట్టడమే చదువు" అంది. బాగానే చెప్పింది గానీ, మా పెట్టె తవ్వితే ఏ శాస్త్రజ్ఞుడికీ ఏమీ అంతుపట్టదని నా నమ్మకం!

ఇంక కుండపెంకులు. బంగారాన్ని కరిగించి మళ్లీ నగ చేసుకుంటారు, ఇత్తడి మార్చుకుంటారు, గుడ్డ చివికిపోతుంది, కర్ర చెదలు తినేస్తుంది. పగిలిన కుండ ఎవరికీ అక్కర్లేదు. అందుకే అది మిగులుతుంది. రెండు మూడు వేల ఏళ్ల కిందట మన ప్రాంతంలో వాడిన కుండలు కొన్ని లోపలా అంచూ నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. వాటిని బోర్లించి ఆవంలో పెట్టి కాల్చడం వల్ల గాలి తగలని చోట నల్లబడ్డాయట. తెలంగాణలో పెద్ద పెద్ద గుండ్రాళ్లు వలయంగా పేర్చిన పాతకాలపు సమాధుల్లో ఇవి కనబడుతుంటాయి. హైదరాబాద్‌లో మౌలాలి దగ్గర ఇలాంటి సమాధులుండేవి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనే ఉన్నాయి. చచ్చిపోయినవాళ్ల పక్కన అన్నం కుండలు పెట్టి పంపేవాళ్లు. మనం పిండం పెట్టడం లేదూ!

పెంకు అంచు వంపుని బట్టి మూతి ఎంత వెడల్పో లెక్క కడతారు. వెడల్పు మూతి వండుకునేది, ఇరుకు మూతి నీళ్లది. మసి ఉందా, పొయ్యెక్కింది. పొయ్యి బూడిద, నూరుడు రాయి అరిగిన తీరు, వడికే కదురుకి తగిలించే మట్టి బిళ్ల, శంఖం గాజు ముక్క, మాడిపోయిన గింజలు... ఇవన్నీ వరసగా చదువుతూ పోతుంటే నాకొకటి తట్టింది. రాజులు రాళ్ల మీద పేర్లు చెక్కించుకున్నారు. పొయ్యి ముందు కూర్చున్నదాని పేరు ఎవరూ చెక్కలేదు. కానీ ఆమె చేతిపని గుర్తులు నేల నిండా ఉన్నాయి. వంటింటి పనిని పని కాదన్న లోకంలో ఆ పని తాలూకు చెత్తని చీటీలు కట్టి భద్రం చేసే శాస్త్రం ఒకటుందంటే నాకు ఎంత ముచ్చట వేసిందో!

మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ అనే ఇంగ్లీషాయన ఒక బూడిద దిబ్బ తవ్వాడు. ఏమిటా బూడిద? పేడ! కొత్త రాతియుగంలో పశువుల్ని మందగా కట్టేసిన చోట పోగైన పేడని తగలబెట్టగా మిగిలింది. పిడకలు కొట్టిన మన అమ్మమ్మల పూర్వీకులన్నమాట. ఆయన భార్య బ్రిజెట్ ఆల్చిన్ కూడా పేరుమోసిన పురావస్తు శాస్త్రజ్ఞురాలే. మన దేశంలో పురావస్తు సర్వేక్షణ సంస్థకి మొదటిసారి ఒక స్త్రీ డైరెక్టర్ జనరల్ అయింది 1981లో. ఆవిడ దేబలా మిత్ర, బెంగాలీ. "మట్టి పని ఆడపిల్లకేమిటి" అనేవాళ్లకి వదినగారు ఇప్పుడు చెప్పే పేరు అదే.

పేర్లు చెక్కించుకున్న ఆడవాళ్లు

రాళ్ల మీద ఆడవాళ్ల పేర్లు లేవన్నాను కదా. ఆ పిల్ల నన్ను సరిదిద్దింది. నాగార్జునకొండ చూశారా మీరు? లాంచీలో వెళ్లి, దీవి మీద మ్యూజియం చూసి, పులిహోర తిని వచ్చేస్తాం. ఆ నీళ్ల అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1955 డిసెంబరు 10న ఆనకట్టకి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో అక్కడ ఉన్నవన్నీ తవ్వి, కొన్ని కట్టడాల్ని ఊడదీసి మిట్టకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అక్కడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించినావిడ రాజు చెల్లెలు చాంతిసిరి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి తోబుట్టువు. ఇంకొక ఆరాధకురాలు బోధిసిరి, రాణీ కాదు, రాజు కూతురూ కాదు. ఆవిడా చైత్యగృహం కట్టించి తన పేరు రాయించుకుంది. దాదాపు 1,700 ఏళ్ల కిందటి మాట. రాజులేమో వైదిక యాగాలు చేస్తుంటే అంతఃపురంలో ఆడవాళ్లు బౌద్ధ ఆరామాలకి దానాలిచ్చారు. ఇంట్లో ఒకరికి ఒక దేవుడు, ఇంకొకరికి ఇంకొక దేవుడు ఉన్నా సంసారాలు నడిచాయి!

రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో చాలాకాలం సరిగ్గా తెలియలేదు. నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక రాయి దొరికింది. పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారని, వాళ్లకి పుణ్యం కలగాలని భూమి దానమిస్తూ వేయించిన శాసనం అది. తేదీ 1289 నవంబరు 27కి సరిపోతుంది. అంతటి మహారాణి చివరి కబురు మనకి చెప్పింది ఒక మామూలు బంటు!

శాసనాన్ని చదవడం కన్నా ముందు దాన్ని కాగితం మీదికి ఎత్తాలి. రాయిని నీళ్లతో కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేట్టు బ్రష్షుతో కొట్టి, కాస్త ఆరాక సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా విచ్చుకుంటాయి. మొదటి ఏడు ఆ పిల్ల వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. ఎవరో పెళ్లిచూపులకి వస్తున్నారని వదినగారు నిమ్మచెక్కతో తోమి తోమి అలిసిపోయింది.

మా చుట్టుపక్కల కూడా చదవాల్సిన రాళ్లున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ పక్కన చైతన్యపురిలో, మూసీ ఒడ్డున కొసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట మీద విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనముంది. గోవిందరాజ విహారమనే బౌద్ధ ఆరామం పేరు అందులో వస్తుంది. అంటే అయిదో శతాబ్దం ప్రాంతం. నాలుగు వందల ఏళ్ల నగరమని మనం చెప్పుకునే హైదరాబాద్‌లో! 2023లో మొయినాబాద్ మండలం ఎనికెపల్లిలో జైన తీర్థంకరులు నాలుగు వైపులా చెక్కి ఉన్న స్తంభాలు బయటపడ్డాయి. తొమ్మిది, పది శతాబ్దాలవంటారు. ఎక్కడున్నాయనుకున్నారు? చెరువు తూము గోడలో! ఏ కాలంలోనో తూముకి రాయి కావలసివచ్చింది, పాడుపడ్డ బసదిలో రాయి ఉంది, తెచ్చి పెట్టేశారు. గోడలో ఇరుక్కుపోయిన అక్షరాలు పూర్తిగా చదవడానికి వీల్లేకపోయింది.

గాజుల చెయ్యి

ఈ చదువు వల్ల ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. వాళ్ల నాన్నగారు భాగస్థులతో కలిసి మాకు దగ్గర్లోనే ఒక వెంచర్ మొదలుపెట్టారు. ఆ చేలో వేపచెట్టు కింద ఒక రాయి ఒరిగి ఉంది. పసుపూ కుంకుమా పూసి పూసి ఏముందో కనబడదు. ఊళ్లోవాళ్లు పేరంటాలమ్మ అంటారు. నానమ్మ కూడా కోడలికి కడుపు పండాలని అక్కడ ముడుపు కట్టిందట. యంత్రం వచ్చి చేను చదును చేసే రోజు దగ్గరపడింది.

పిల్ల వెళ్లి నాలుగు బిందెల నీళ్లతో ఆ రాయిని మెల్లగా కడిగింది. కత్తి పట్టుకున్న మగవాడు. పక్కన ఒక స్త్రీ. ఆమె కుడిచెయ్యి పైకెత్తి ఉంది. మోచేతి దాకా గాజులు. పైన సూర్యచంద్రులు. అక్షరం ఒక్కటీ లేదు. పోరులో చచ్చిపోయిన భర్తతో పాటు చితి ఎక్కిన ఆడదాని గుర్తుగా నిలబెట్టిన సతిశిల అది. గాజులతో ఎత్తిన చెయ్యి ముత్తైదువగానే పోయిందని చెప్పడానికి.

అంతకాలం మొక్కిన రాయి అదని తెలిసి నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తనంతట తనే ఎక్కిందా బిడ్డా, ఎక్కించిన్రా?" అని అడిగింది. పిల్ల దగ్గర జవాబు లేదు. రాయి ఆ సంగతి చెప్పదు. నేనైతే ఏమని ఉండేదాన్నో గానీ ఆ పిల్ల, "తెల్వదు నానమ్మా" అని మాత్రం అంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకపోవడం కూడా అక్కడే నేర్చుకున్నట్టుంది.

ఆ రాత్రి తండ్రీకూతుళ్ల మధ్య పెద్ద గొడవే అయింది. రాయి ఉన్నచోటే ఉంచాలని ఆమె, అది సరిగ్గా నలభై అడుగుల రోడ్డు మధ్యకి వస్తుందని ఆయన. చివరికి వెంచర్‌లో పార్కుకి వదిలిన స్థలంలో నిలబెట్టడానికి ఒప్పుకున్నారు. కదిలించే ముందు పిల్ల తెల్లవారుజామునే వెళ్లి ఎటు ముఖం చేసి ఉందో, వేపచెట్టుకి ఎన్ని అడుగులో, నేలలో ఎంత లోతు దిగి ఉందో కొలుచుకుని, ఫోటోలు తీసుకుంది. పురావస్తు శాఖకి ఉత్తరం రాసింది. క్రేన్ రాయిని లేపుతున్నప్పుడు మాత్రం అటు తిరిగి ఏడ్చింది. "బతికింది కదే" అన్నాను నేను. "చోటు పోయింది కదా ఆంటీ" అంది. ఇప్పుడు ఆ రాయి సిమెంటు దిమ్మ మీద ఉంది. ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్లకి నాన్నగారే దగ్గరుండి చూపిస్తున్నారు, ఏడెనిమిది వందల ఏళ్లదని కూడా చెప్పేస్తున్నారు. అంత కచ్చితంగా చెప్పకూడదని కూతురు మొత్తుకుంటూనే ఉంది.

చేరాలనుకునేవాళ్లకి

ఈ చదువు ఉస్మానియాతో పాటు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ, గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయంలోనూ ఉంది. దూరం పంపగలిగితే పుణె దక్కన్ కాలేజీ ఈ శాస్త్రానికి పుట్టిల్లు లాంటిది. డిగ్రీలో చరిత్ర చదవనివాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకునే వీలు ఉండొచ్చు. అర్హతలు, తేదీలు ఏ ఏటికాయేడు ప్రకటనలో చూసుకోవాలి. లిపులు, నాణేలు, విగ్రహ లక్షణాలు, మ్యూజియం నిర్వహణ, చరిత్రకి ముందరి యుగాలు, ఇవీ పాఠాలు. క్షేత్ర శిక్షణకి కొన్ని రోజులు ఊరు కాని ఊళ్లో ఉండాల్సివస్తుంది. ఎండ భరించాలి. మా పిల్ల మొదటిసారి వెళ్లినప్పుడు వదినగారు రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసింది, నానమ్మ సున్నుండలు కట్టిచ్చింది.

ఎం.ఏ. తర్వాత గ్రేటర్ నోయిడాలో పురావస్తు సర్వేక్షణ సంస్థవాళ్ల పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ సంస్థలో రెండేళ్ల డిప్లొమా ఉంది. 2020లో ఆ ప్రవేశ ప్రకటనలో సంస్కృతం, పాళీ, ప్రాకృతం, అరబిక్, పర్షియన్ భాషలే అర్హతగా పెట్టారు. తమిళులు గట్టిగా అడిగేసరికి తమిళంతో పాటు తెలుగు, కన్నడం, మలయాళం, ఒడియా కూడా చేర్చారు. వేల తెలుగు శాసనాలున్న మన తరఫున మనం అడగాల్సింది, పక్కవాళ్లు అడిగితే మనకి వచ్చింది. ఆ డిప్లొమాకి వయసు పరిమితి ఉంది. నెట్ పరీక్షలో పురావస్తు శాస్త్రం ఒక విడి విషయం. అధ్యాపక అర్హత కోసం రాసేవాళ్లకి వయసుతో పని లేదు. ఈ మాట విన్నప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదనుకోండి, అది వేరే సంగతి.

ఉద్యోగాల మాట నిజాయితీగా చెప్పుకోవాలి. తక్కువ. కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖలు, సాలార్‌జంగ్ లాంటి మ్యూజియంలు, మైసూరులోని శాసన విభాగం, కాలేజీల్లో పాఠాలు. ఖాళీలు పడేది ఎప్పుడో గాని లేదు. ఆ అమ్మాయి రెండో ఏడు పూర్తిచేసి, నెట్‌కి చదువుకుంటూ ఒక స్కూల్లో సోషల్ చెబుతోంది. జీతం తక్కువే. ఇద్దరు పెళ్లికొడుకుల్ని తిరగ్గొట్టింది. "పెళ్లయ్యాక ఈ తిరుగుళ్లు కుదరవు" అన్నారట ఒకరు. రెండోవాళ్లు ఏమన్నారో వదినగారు నాకింకా చెప్పలేదు.

మొన్న ఆదివారం వదినగారు కొంగున ఏదో ముడివేసుకుని గబగబా వచ్చింది. పెరట్లో బోరు పైపు మార్చడానికి తవ్విస్తుంటే దొరికిందట. ముడి విప్పితే మట్టి పెంకు. ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు నలుపు. "చూడు వదినా, లోపల నలుపు, బయట ఎరుపు! అదే కదూ?" అంది. ఆమె చెయ్యి వణుకుతోంది. ఇద్దరం దాన్ని పళ్లెంలో పెట్టుకుని పిల్ల వచ్చేదాకా కూర్చున్నాం. పిల్ల వచ్చి, అంచు తడిమి, వెలుతురులో తిప్పి చూసి, "అమ్మా, ఇది మన పెరుగు చట్టి. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు పగలగొట్టినందుకు నన్ను కొట్టావు గుర్తులేదూ?" అంది. తర్వాత లోపలికి వెళ్లి చిన్న ప్లాస్టిక్ కవరు తెచ్చి, పెంకు అందులో వేసి, తేదీ, చోటు, లోతు చీటీ మీద రాసి కట్టింది. లోతు ఎంతో సరిగ్గా చూసుకోలేదని వాళ్లమ్మని కోప్పడింది కూడా.